సగం మాత్ర

కోయిలకుంట్లలో విశ్వాసమ్మ రొట్టెలు తినని ఇల్లు తక్కువ. ఆమె గొంతు ఎట్లా ఉంటుందో తెలిసినవాళ్లు అంతకన్నా తక్కువ. చర్చి వీధిలో మూడో ఇల్లు వాళ్లది. సాయంత్రం నాలుగింటికి వాకిట్లో పొయ్యి అంటుకుందంటే ఎనిమిదింటిదాకా జొన్న రొట్టె తట్టే చప్పుడు వినిపించేది గాని మనిషి మాట వినిపించేది కాదు. వచ్చినవాళ్లు ఎన్ని కావాలో వేళ్లతో చూపించేవాళ్లు, ఆమె తలూపేది. "రొట్టె మందమైందమ్మా" అని ఎవరైనా అంటే మారుమాట లేకుండా ఇంకొకటి తట్టి ఇచ్చేది. "నిన్న నాలుగడిగితే మూడే ఇచ్చినావు" అని అబద్ధం చెప్పి ఒకటి ఎక్కువ పట్టుకుపోయేవాళ్లకు కూడా ఇచ్చేది. మాడినవీ అంచు విరిగినవీ ఒక పక్కన పెట్టుకుని, అందరూ తిన్నాక తాను తినేది. పాతికేళ్లు అట్లే తిన్నది.

భర్త ఓబన్న బేల్దారి మేస్త్రీ. ఇండ్లలో నాపరాళ్లు పరచడంలో చెయ్యి తిరిగినవాడు. తాగడు, కొట్టడు. "మా ఆడమనిషికి నోరే లేదప్పా" అని తోటి మేస్త్రీల దగ్గర గొప్పగా చెప్పుకునేవాడు. అతని అన్న యేసుప్రసాద్ ఇల్లు అదే వీధి చివర. ఆ ఇంటికి రోజూ ఎనిమిది రొట్టెలు ఊరికే పోవాలి. ఆ పద్ధతి ఎప్పుడు మొదలైందో, ఎందుకు మొదలైందో ఎవరికీ గుర్తులేదు. కొడుకు అరుణ్ కుమార్ తుమ్మలపల్లె గనిలో పని చేస్తాడు, వారానికోసారి ఇంటికొస్తాడు. కోడలు జీవిత అత్త పక్కన కూర్చుని రొట్టెలు కాలుస్తుంది.

రెండేళ్ల కిందట, ఈస్టరుకు ముందు శ్రమదినాల్లో ఒక సాయంత్రం, విశ్వాసమ్మ ఎడమ చేతిలోంచి పిండిముద్ద జారి కింద పడింది. తీసి మళ్లీ తట్టబోతే మళ్లీ జారింది. చెయ్యి తిమ్మిరెక్కిందనుకుని కుడిచేత్తోనే ఇంకో రెండు రొట్టెలు తట్టింది కూడా. పెనం మీది రొట్టె తిప్పుతున్న జీవిత తలెత్తి చూసి, "అత్తా, నీ మూతి ఏంది ఇట్ల పోయింది?" అని కేక పెట్టేసరికి ఆమె పక్కకు ఒరిగిపోయింది. నూట ఎనిమిది బండిలో నంద్యాలకు, అక్కడినుంచి కర్నూలుకు తీసుకుపోయారు. మెదడులో కుడి పక్కన రక్తనాళం మూసుకుపోయింది, పక్షవాతం అన్నారు. బీపీ మాత్రలు వేసుకుంటున్నదా అని అడిగారు. నాలుగు నెలల కిందటే మానేసింది. తలనొప్పి లేదు కదా, ఉత్త పుణ్యానికి మాత్రలెందుకు అనుకుంది.

పదహారు రోజులకు ఇల్లు చేరింది. ఎడమ కాలు ఈడుస్తూ నడిచేది. ఎడమ చెయ్యి భుజం దాకా లేచేది గాని వేళ్లలో పట్టు లేదు. కసరత్తులు నేర్పడానికి వచ్చిన అమ్మాయి రబ్బరు బంతి ఇచ్చి రోజుకు వందసార్లు నొక్కమంది. విశ్వాసమ్మ రెండు రోజులు నొక్కి ఆ బంతిని పక్కన పెట్టేసింది. జీవిత చేత వేడినీళ్లు పోయించి జొన్నపిండి కలిపించుకుని, ఆ ముద్దను నొక్కడం మొదలుపెట్టింది. ఆరు నెలలకు ఎడమ అరచెయ్యి ముద్దను ఆపుకునేంతయింది. కుడిచేత్తో తట్టవచ్చు, ఎడమచేత్తో తిప్పుకోవచ్చు. మళ్లీ పొయ్యి ముట్టించారు.

నెల తిరగకముందే, చర్చిలో కోతపండుగ అయిన మరుసటి రోజు, ఆమె ఎడమ బొటనవేలు దానంతట అదే ఎగరడం మొదలైంది. విశ్వాసమ్మ దాన్ని వింతగా చూస్తూ కూర్చుంది. వేలినుంచి మణికట్టుకు, మణికట్టునుంచి భుజానికి పాకింది. తరువాత ఏమైందో ఆమెకు తెలియదు. కళ్లు తెరిచేసరికి గుప్పిట్లో తాళాలగుత్తి ఉంది. ముక్కు దగ్గర ఉల్లిగడ్డ వాసన. నోట్లో రక్తం. ఎవరో పళ్లమధ్య గరిటె పెట్టబోతే ముందు పన్ను విరిగింది. పక్కింటి సోమక్క, అంగన్‌వాడీలో ఆయాగా చేసేది, ఆమె తల ఒళ్లో పెట్టుకుని ఏడుస్తోంది.

కర్నూలులో నరాల డాక్టరమ్మ శివజ్యోతి విషయం వివరంగా చెప్పింది. పక్షవాతం వచ్చినచోట మెదడులో మచ్చ పడుతుంది. కొందరికి ఆ మచ్చ దగ్గర్నుంచి ఫిట్స్ పుడతాయి. పొద్దున ఒక మాత్ర, రాత్రి ఒక మాత్ర. ఒక్క పూట కూడా తప్పకూడదు. బీపీ మాత్ర, రక్తం గడ్డకట్టకుండా ఉండే మాత్ర ఎట్లాగూ ఉన్నాయి. మిద్దె ఎక్కకూడదు, బావి దగ్గరికి పోకూడదు. నిప్పు దగ్గర ఒంటరిగా ఉండకూడదు. ఏ ఇబ్బంది వచ్చినా వెంటనే రమ్మని చీటీ వెనక తెలుగులో రాసి మరీ ఇచ్చింది. ఓబన్న ఆ చీటీని భద్రంగా బీరువాలో పెట్టి తాళం వేశాడు. ఎడమచేత్తో రేకు పట్టుకుని మాత్ర తీయడం ఆమెకు కష్టం కాబట్టి, రెండు పూటలా మాత్ర ఇచ్చే పని కూడా తానే పెట్టుకున్నాడు.

మొదటి నెల ఆమె నిద్రలోనే ఉంది. కూర్చున్నచోటే తల వాలిపోయేది. లేచి నిలబడితే నేల పక్కకు జరిగినట్టుండేది. ఫిట్స్ మాత్రం రాలేదు. రెండో నెలలో నిద్ర పలచబడింది. దాని వెనకాలే కోపం వచ్చింది.

మొదట దాన్ని చూసింది ఒక లారీ డ్రైవరు. ఎప్పటిమాదిరే రొట్టెను వెలుతురుకు ఎత్తి చూసి, "ఈ పొద్దు మందమైందమ్మా" అన్నాడు.

"మందమైతే పెట్టి పో" అంది విశ్వాసమ్మ.

డ్రైవరు అటూ ఇటూ చూశాడు, ఆ మాట ఎవరన్నారో అర్థం కాక. జీవిత చేతిలో అట్లకాడ ఆగిపోయింది. విశ్వాసమ్మ అతని చేతిలోంచి రొట్టె లాక్కుని తన బుట్టలో వేసుకుంది. "ఇరవై ఏండ్లు తిన్నావు. ఒక్కనాడన్నా బాగుందన్నావా?"

తరువాత ఓబన్న వంతు. తోటి మేస్త్రీలిద్దరు వచ్చి కూర్చున్నప్పుడు "టీ పెట్టు మే" అని కేకేశాడు. "చేయి పడిపోయింది నాకు, నీకు కాదు. పోయి పెట్టుకో" అని లోపలినుంచి జవాబు వచ్చింది. ఆ రాత్రి అన్నాల దగ్గర మాడిన రొట్టె తన కంచంలోకి రాగానే దాన్ని తీసి వాకిట్లోకి విసిరేసింది. "మాడింది నేనెందుకు తినాల? అందరికీ నేనే తట్టినా కదా. ఒక్కో దినం ఒక్కొక్కరు తినండి" అంది. మరుసటి వారం యేసుప్రసాద్ మనవరాలు గిన్నె పట్టుకుని వస్తే ఖాళీ గిన్నె తిప్పి పంపింది. పెద్దాయన స్వయంగా వచ్చాడు. వీధిలో అందరూ వినేటట్టు, "మీ ఇంట్లో ఆడోళ్లకు చేతులుండాయి కదా బావా" అంది.

ఒక్కోసారి ఆ కోపానికి తలా తోకా ఉండేది కాదు. జీవిత గ్లాసు కింద పెట్టిన చప్పుడుకు కూడా రేగిపోయేది. అరిచి అరిచి, ఊపిరి అందక, తరువాత ఏడ్చేది. కోడలి చెయ్యి పట్టుకుని, "నిన్నంటానా మే నేను? నిన్ననే మనిషినా?" అనేది. ఒకరోజు సోమక్క దగ్గర కూర్చుని తన భయం చెప్పుకుంది.

"నోట్లోంచి వస్తాండేది నేనో ఇంకెవరో తెల్లేదు సోమక్కా. లారీ ఆయన్ను అన్నప్పుడు కడుపు చల్లగా అయింది. బిడ్డనన్నప్పుడు కడుపు రగిలిపోయింది. రెండూ ఒక నోటినుంచే వచ్చినాయి."

"మాత్రల వల్లేమో వదినా. అడగరాదా డాక్టర్ని?"

"అడగాల. ఎవరు తీస్కపోతారు?"

ఓబన్న డాక్టరు దగ్గరికి తీసుకుపోలేదు. పాస్టరుగారిని ఇంటికి పిలుచుకొచ్చాడు. చాప మీద అందరూ కూర్చున్నారు. "మా విశ్వాసమ్మ ఎట్లా మనిషో మీకు తెలుసు అయ్యగారూ. ఇట్లయిపోయింది. పాత మనిషిని మాకియ్యమని ప్రార్థన చేయండి" అన్నాడు ఓబన్న. అతని గొంతులో బాధ నిజమైనదే. పాస్టరుగారు కళ్లు మూసుకున్నారు. ఈ సహోదరికి సాత్వికమైన మనసు, నెమ్మదిగల నాలుక దయచేయుమని మొదలుపెట్టారు.

విశ్వాసమ్మ కళ్లు తెరిచింది. "అయ్యగారూ, ఒక్క నిమిషం. ఫిట్స్ తగ్గాలని చేయండి ప్రార్థన. చెయ్యి బాగుపడాలని చేయండి. నా నోరు మూతపడాలని చేస్తే మాత్రం నేను ఆమెన్ అనను."

పాస్టరుగారు మంచి మనిషి. "సరేనమ్మా" అని ఫిట్స్ కోసం, చెయ్యి కోసం ప్రార్థన చేశారు. ఆమె గట్టిగా ఆమెన్ అంది.

ఆ తరువాతి వారంలో ఇల్లు చల్లబడింది. విశ్వాసమ్మ అరవడం తగ్గించింది. తల తేలికైంది. టీ అడిగితే పెట్టింది. ఓబన్న ముఖంలో మళ్లీ నవ్వు కనిపించింది. ప్రార్థన ఫలించిందని వీధిలో చెప్పుకున్నారు. ఆమె కూడా ఫలించిందేమో అనుకుంది.

మూడు వారాలు గడిచాయి. ఒక మధ్యాహ్నం జీవిత జొన్నలు ఆడించడానికి మిల్లుకు పోయింది. ఎప్పుడొచ్చినా ఆమె వచ్చాకే పొయ్యి ముట్టించాలని కట్టుబాటు. ఒళ్లు తేలికగా ఉంది కదా, కోడలొచ్చేలోపు పెనమన్నా కాగుతుందని విశ్వాసమ్మ పొయ్యి అంటించింది. పెనం పెట్టింది. బొటనవేలు ఎగిరింది. పొయ్యి వైపుకే పడింది.

సోమక్కకు పొగ వాసన కాదు, చర్మం కాలిన వాసన వచ్చింది. పరిగెత్తుకొచ్చి ఈడ్చి పక్కకు వేసేసరికి ఎడమ ముంజేయి పెనం అంచున అతుక్కుని ఉంది. ఒకటి ఆగకముందే ఇంకో ఫిట్ వచ్చింది. ఆసుపత్రిలో సూది వేశాకగాని ఆగలేదు.

కాలిన చేతికి కట్టు కడుతూ అక్కడి డాక్టరు అడిగాడు, "మాత్రలు మానేసిందా?"

"ఒక్క పూట తప్పలేదు సార్" అంది జీవిత. "మా మామే ఇస్తాడు."

రెండు దినాల తరువాత అత్తతో ఇంటికొచ్చి, మాత్రల రేకులన్నీ తీసి లెక్కబెట్టింది. లెక్క సరిగ్గానే ఉంది, ఒక్క పూట కూడా తప్పలేదు. జీవితకు అర్థం కాలేదు. మామ దగ్గర తాళం తీసుకుని, డాక్టరు చీటీ కోసం బీరువా అరలో వెతుకుతుంటే ఒక అగ్గిపెట్టె దొరికింది. దాన్నిండా సగానికి విరిచిన మాత్రలు. ఆమె ఆ అగ్గిపెట్టె తీసుకుపోయి మంచం మీద అత్త పక్కన పెట్టింది.

ఓబన్న గడపలో నిలబడ్డాడు. ఆసుపత్రిలో రెండు దినాలు నిద్రలేక కళ్లు ఎర్రగా ఉన్నాయి. "నేనే మే. సగం చేసి ఇచ్చినా" అన్నాడు. "పూర్తిగా మానిపియ్యలేదు. సగం చేస్తే అరవవు అనుకున్యా. నువ్వట్ల అరుస్తాంటే నా పెండ్లామే కాదనిపిచ్చె. నిన్ను పోగొట్టుకున్యట్లు ఉన్యా."

వీధి మొత్తం ఆ ఇంటివైపే చెవి పెట్టి ఉంది. ఇప్పుడు ఆమె అరిస్తే తప్పు పట్టేవాళ్లు లేరు. ఆమె అరవలేదు.

"నన్ను పోగొట్టుకుంటావని సగం చేసినావు. ఇంకొంచెం ఉంటే మొత్తం పోగొట్టుకుంటాంటివి" అంది. "ఇంకమీద నా మాత్ర నా చేత. నా చీటీ నా దగ్గర. బీరువా తాళం ఇట్లియ్యి."

వారం రోజులు తిరిగాక, కట్టు ఇంకా చేతికుండగానే, కర్నూలు పోతానంది. ఒక్కదాన్నే పోతానంది. జీవిత ఒప్పుకోలేదు. అరుణ్ కుమార్ ఫోనులో బతిమాలాడు, ఆదివారం దాకా ఆగమన్నాడు. "ఆదివారం డాక్టరు ఉండదు నాయనా" అని పెట్టేసింది. సోమక్కను పిలిచి అట్టముక్క మీద పెద్ద అక్షరాలతో రాయించింది: నా పేరు విశ్వాసమ్మ. నాకు ఫిట్స్ వస్తాయి. వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. నోట్లో ఏమీ పెట్టొద్దు. చేతిలో తాళాలు పెట్టొద్దు. ఐదు నిమిషాలు దాటితే 108కి ఫోన్ చేయండి. ఇదంతా మొన్న ఆసుపత్రిలో చెప్పిందే. ఆఖరి వాక్యం మాత్రం ఆమె సొంతం: లేచినాక నన్ను బస్సు దించెయ్యొద్దు, నేను కర్నూలు పోవాల.

ఆ అట్టకు దారం కట్టి మెడలో వేసుకుని బస్సెక్కింది. ఆడవాళ్లకు బస్సులో టికెట్టు డబ్బులు తీసేసిన కొత్త రోజులు అవి. కండక్టరు ఆమె ఆధార్ కార్డు చూసి సున్నా టికెట్టు కొట్టి, మెడలో అట్ట చదివి, కాసేపు ఆమె ముఖంలోకి చూశాడు. "ముందర సీట్లో కూర్చో పెద్దమ్మా. నాకు కనపడేటట్లు" అన్నాడు.

బస్సు కదిలేముందు వెనక తలుపునుంచి ఓబన్న ఎక్కాడు. ఆఖరి సీట్లో కూర్చుని తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. అతని దగ్గర కండక్టరు డబ్బులు తీసుకున్న చప్పుడు ముందుకు వినిపించింది. విశ్వాసమ్మ వెనక్కి తిరగలేదు. నంద్యాలలో బస్సు మారింది. అతనూ మారాడు. కర్నూలులో ఆమె ఆటో ఎక్కితే అతను ఇంకో ఆటో ఎక్కాడు.

డాక్టరు గది ముందు రెండు గంటలు కూర్చుంది. లోపలికి పోగానే శివజ్యోతి కాలిన చెయ్యి చూసి, "ఎవరొచ్చారమ్మా తోడు?" అని అడిగింది.

"నేను ఒక్కదాన్నే వచ్చినా. నా ఎనకాల ఒకాయన వచ్చినాడు, తలుపు కాడ నిలబడి ఉంటాడు. నా మనిషే. పిలవండి డాక్టరమ్మా. ఆయన చేసింది ఆయన నోటితోనే చెప్పాల."

ఓబన్న లోపలికి వచ్చి చెప్పాడు. తల వంచుకుని చెప్పాడుగాని అంతా చెప్పాడు; గ్లాసు చప్పుడుకు కోడలి మీద అరిచిన సంగతి విశ్వాసమ్మ చెప్పింది. డాక్టరు అతన్ని తిట్టలేదు. మాత్ర సగం చేస్తే, ఉన్నట్టుండి ఆపితే, ఫిట్ మీద ఫిట్ వచ్చి ప్రాణం పోవచ్చని మాత్రం రెండుసార్లు చెప్పింది. తరువాత విశ్వాసమ్మ వైపు తిరిగి, "కోపం మీ తప్పు కాదు. ఈ మాత్ర కొందరికి అట్లా చిరాకు తెస్తుంది. మీలాంటివాళ్లకు వేరే మాత్రలున్నాయి. మెల్లగా మారుద్దాం. ఇది కొంచెం కొంచెం తగ్గిస్తూ, అది కొంచెం కొంచెం పెంచాలి" అంది.

విశ్వాసమ్మ ముందుకు వంగింది. "ఒక మాట అడుగుతా డాక్టరమ్మా. మాత్ర మారిస్తే నేను మళ్లా పాత మనిషినైతానా? నోరు లేనట్లు, గమ్మున?"

"ఎందుకట్లా అడుగుతున్నారు?"

"అట్లయితే నాకొద్దు. నిద్ర వచ్చినా సరే, తల తిరిగినా సరే, ఇదే మింగుతా. పాతికేండ్లు గమ్మునుండా. మళ్లా పోను ఆడికి."

శివజ్యోతి రాస్తున్న పెన్ను పక్కన పెట్టింది. "మాత్ర కోపాన్ని పెంచుతుందమ్మా. ఎవరి మీద రావాలో, ఎందుకు రావాలో అది నేర్పదు. కోడలు గ్లాసు పెట్టిన చప్పుడుకు వచ్చిన కోపం మాత్రది. దాన్ని తీసేద్దాం. మిగిలింది మీది. దానికి నా దగ్గర మందు లేదు."

విశ్వాసమ్మ మొదటిసారి నవ్వింది. విరిగిన పన్ను కనిపించింది. "అయితే రాయండి" అంది.

తిరుగు ప్రయాణంలో బస్సులో ఆమె పక్క సీటు ఖాళీగా ఉంది. ఓబన్న దాని పక్కన కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు. పాణ్యం దాటాక, "కూర్చో" అంది.

మాత్ర మారడం సుఖంగా ఏమీ జరగలేదు. ఒంటి మీద పొక్కులు లేస్తే ఆ క్షణమే రావాలని డాక్టరు చెప్పింది కాబట్టి రోజూ పొద్దున అద్దం ముందు నిలబడి మెడ, వీపు జీవితతో చూపించుకునేది. పొక్కులు రాలేదు. మాత్ర పెంచిన వారం మాత్రం ఒకటికి రెండు కనిపించాయి. "ఇద్దరు ఓబన్నలు కనపడతాండారు. ఒకరితోనే ఏగలేకుండా ఉండా" అని వాకిట్లో అందరినీ నవ్వించింది. నవ్వించి ఊరుకోలేదు, ఫోన్ చేసి డాక్టరుకు చెప్పింది. పొద్దుటి మాత్ర తగ్గించి రాత్రికి కలిపారు, చూపు కుదుటపడింది. మాత్రలు వేసుకున్నాక గోడ మీద క్యాలెండరులో బొగ్గుతో గీత పెట్టుకునేది. పూటకు ఒక గీత. ఆ క్యాలెండరును ఇంకెవరూ తాకకూడదు.

రెండు నెలలకు లోపల రగిలే మంట చల్లారింది. చప్పుళ్లకు ఉలికిపడటం పోయింది. ఓబన్న కూడా, వీధి కూడా, పాత విశ్వాసమ్మ కోసం ఎదురుచూశారు. యేసుప్రసాద్ ఇంటినుంచి గిన్నె మళ్లీ వచ్చింది. విశ్వాసమ్మ ఆ బిడ్డను దగ్గరికి పిలిచి, తల నిమిరి, నెమ్మదిగా చెప్పింది. "మీ జేజికీ తాతకూ చెప్పు. పండగ దినాన నేనే పంపిస్తా. తక్కిన దినాలు అందరి మాదిరే కొనుక్కోవాల." గొంతులో కోపం లేదు. అందుకే ఆ మాటకు ఎదురు చెప్పడం ఎవరికీ చేతకాలేదు. కోపంలో అన్నదని కొట్టిపారెయ్యడానికి వీల్లేదు మరి. విశ్వాసమ్మ ఇంట్లో మాడిన రొట్టె ఇప్పుడు ఎవరి వంతు వస్తే వాళ్లు తింటారు. లేదంటే సోమక్క మేకకు వేస్తారు.

పొయ్యి సంగతి మిగిలింది. రొట్టెలు మానెయ్యమని కొడుకు అన్నాడు. ఆమె ఒప్పుకోలేదు. "నిప్పు కాడ ఒంటిగా వద్దన్యారు, అంతే. రొట్టె తట్టొద్దనలేదు." ఓబన్నను పిలిచి వాకిట్లో కర్రతో గీత గీసి చూపించింది. గీతకు ఇవతల తాను, అవతల పొయ్యి, మధ్యలో గోడ. తాను పడినా ఇటే పడాలి. తట్టిన రొట్టెను గోడ మీదుగా జీవిత అందుకోవాలి.

ఓబన్న నాపరాళ్లు తెచ్చి గోడ కట్టాడు. ఆమె కూర్చుని చూసి, ఎత్తు ఎక్కువైంది, చెయ్యి అందడం లేదంది. విప్పి మళ్లీ కట్టాడు. ఈసారి రాయి అంచు పదునుగా ఉంది, పడితే తల పగులుతుందంది. అతను అంచులన్నీ అరగదీసి గుండ్రం చేశాడు. మూడు రోజులు పట్టింది. ఊళ్లో ఏ ఇంటి పనికీ అన్ని మాటలు పడలేదు అతను. ఒక్క మాటా తిరిగి అనలేదు. మూడోరోజు సాయంత్రం ఆమె గోడ మీద చెయ్యి పెట్టి ఒత్తి చూసి, "బాగుండాది" అంది. ఓబన్న తాపీ కడుక్కుంటూ ముఖం అటు తిప్పుకున్నాడు.

ఇప్పుడు ఆమె కుడిచేత్తోనే ఎక్కువగా తడుతుంది. ఎడమ ముంజేతి మీద కాలిన మచ్చ మెరుస్తూ కనిపిస్తుంది, దాన్ని కొంగుతో కప్పుకోదు. రొట్టెలు మునుపటంత గుండ్రంగా రావు. ఒకాయన ఆ మాట అన్నాడు. "గుండ్రం కావాలంటే తట్ట తిను. రొట్టె కావాలంటే తీస్కపో" అంది. ఆయన నవ్వి ఆరు తీసుకుపోయాడు.

ఫిట్స్ పూర్తిగా పోలేదు. క్రిస్మస్ అయ్యాక ఒక సాయంత్రం, పదిమంది వాకిట్లో ఉండగా వచ్చింది. గోడకు ఇటువైపే పడింది. సోమక్క వచ్చి పక్కకు తిప్పి, తల కింద తువ్వాలు పెట్టి, ఫోనులో టైము చూస్తూ కూర్చుంది. తాళాలు తీసిన ఒకామెను చూపుతోనే ఆపింది. రెండు నిమిషాలకు ఆగింది. విశ్వాసమ్మ కాసేపు ఎక్కడున్నదో తెలియక చూసింది. చీర తడిసిపోయింది. జీవిత దుప్పటి కప్పింది.

వచ్చినవాళ్లలో ఒక పెద్దమనిషి జాలిగానే అన్నాడు. "ఏమ్మా, ఇంక నలుగురిలో ఇదంతా ఎందుకు? ఇంట్లో ఉండరాదా?"

ఆమెకు మాట సరిగా తిరగలేదు. అయినా కూడదీసుకుని అడిగింది. "ఇంట్లో ఉంటే రాదా?"

ఆమె లోపలికి పోయి చీర మార్చుకుని పడుకుంది. మరుసటి రోజు నాలుగింటికి పొయ్యి అంటుకుంది.

పోయిన నెలలో ఒక శనివారం, చర్చిలో స్త్రీల కూటం జరిగింది. ప్రార్థన అయిపోయాక విశ్వాసమ్మ లేచి పాస్టరుగారి అనుమతి అడిగింది. అడిగిందని అంటారుగాని, ఆయన తలూపేలోపే చాప పరిచింది. "మన ఊర్లో ఫిట్స్ వచ్చేది నాకొక్కదానికేనా? గొర్రెలోళ్ల ఇంట్లో పిల్లోనికి వస్తాది. వరమ్మ తమ్ముడికి వస్తాది, దాచిపెట్టుకోని ఉండారు. నా పన్ను ఎట్ల విరిగిందో నాకు తెలుసు. ఇంకొకరిది విరగకూడదు" అంది. వెనక వరుసలో వరమ్మ తల దించుకుంది, తరువాత ఎత్తింది.

విశ్వాసమ్మ చాప మీద వెల్లకిలా పడుకుంది. ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు. సోమక్క మోకాళ్ల మీద కూర్చుని ఎట్లా తిప్పాలో చూపించింది. పాస్టరుగారి భార్య చేసింది. ఇద్దరు ముగ్గురు చేశారు. గుమ్మం దగ్గర చెప్పులు కాపలా కాస్తున్నట్టు నిలబడ్డ ఓబన్నను విశ్వాసమ్మ పడుకునే పిలిచింది.

"నువ్వు కూడా రా."

"ఆడోళ్ల కూటంలో నేనేంది మే?"

"ఇంట్లో నాకొస్తే సోమక్కను పిలుచుకోని వచ్చేదాకా కూర్చుంటావా? రా."

అతను వచ్చాడు. గరుకు చేతులతో భుజం పట్టుకుని, భయం భయంగా, నాపరాయిని బోర్లించినట్టు తిప్పాడు. ముఖం పూర్తిగా నేలకు ఆనిపోయింది.

"ఊపిరాడకుండా చంపుతావా?" అంది ఆమె చాపలోంచే. హాలంతా గొల్లుమంది. ఓబన్న కూడా నవ్వాడు. "మోకాలు ముందుకు మడవాల, అప్పుడు పక్కకు నిలబడతాది మనిషి. మళ్లా చెయ్యి."

అతను మళ్లీ చేశాడు. ఈసారి సరిగా వచ్చింది.

"ఇప్పుడు వరమ్మను రమ్మనండి" అంది విశ్వాసమ్మ.